లాటిన్ పంతుళ్ల కోసం పుట్టిన సెమినార్

18వ శతాబ్దపు జర్మన్ బడుల్లో లాటిన్ చెప్పేవారిలో చాలామంది మతశాస్త్రం చదివినవాళ్లు. చర్చిలో పాస్టరు ఉద్యోగం వచ్చేదాకా పంతులు పని చేసి, రాగానే వెళ్లిపోయేవారు. ఈ లోటు తీర్చడానికే యోహాన్ మథియాస్ గెస్నర్ 1730ల చివర్లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఫిలాలజీ (ప్రాచీన భాషా గ్రంథాల అధ్యయనం) సెమినార్ ప్రారంభించాడు.

గెస్నర్‌కు బడి కష్టసుఖాలు బాగా తెలుసు. అంతకుముందు ఆయన లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ పాఠశాలకు ప్రధానాధ్యాపకుడు. అక్కడ సంగీతం చూసుకున్నది యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1738లో రోమన్ రచయిత క్వింటిలియన్ గ్రంథాన్ని పరిష్కరించినప్పుడు గెస్నర్ ఒక అధోజ్ఞాపికలో బాఖ్ ప్రతిభను లాటిన్‌లోనే కీర్తించాడు. పిల్లల చేత ఒక్కో పేరాను నెలల తరబడి వ్యాకరణం కోసం చీల్చి చెండాడించడం ఆయనకు గిట్టేది కాదు. గ్రంథాన్ని అర్థం కోసం మొదటినుంచి చివరిదాకా వేగంగా చదివించాలని 1735 నాటి రోమన్ చరిత్రకారుడు లివీ గ్రంథ ప్రచురణకు రాసిన పీఠికలో వాదించాడు. నేటికీ లాటిన్ ఉపాధ్యాయులు తెగని వాదనగా చర్చించుకునే విషయం ఇదే.

గోటింగెన్‌లోనే చదివిన ఫ్రీడ్రిష్ ఆగస్ట్ వోల్ఫ్ మరో అడుగు వేశాడు. 1777లో విశ్వవిద్యాలయంలో చేరుతూ తనను మతశాస్త్ర విద్యార్థిగా కాక ఫిలాలజీ విద్యార్థిగా నమోదు చేయించుకున్నాడు. 1787లో హాలే నగరంలో ఆయన నెలకొల్పిన సెమినార్ ఉద్దేశం స్పష్టం: పంతులు వేరు, పాస్టరు వేరు. 1810లో ప్రష్యా ప్రభుత్వం ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు అర్హత పరీక్ష పెట్టడంతో ఆ తేడాకు చట్టబద్ధత వచ్చింది.

సెమినార్‌లో పని ఇలా సాగేది. ఒక విద్యార్థి ప్రాచీన గ్రంథంలోని కొంత భాగానికి వ్యాఖ్యానం సిద్ధం చేసుకుని వస్తాడు, మరొకడు దాన్ని ఖండిస్తాడు, ఆచార్యుడు తీర్పు చెబుతాడు. చర్చంతా లాటిన్‌లోనే. ఈ పద్ధతి గొప్ప పండితులను తయారుచేసింది. కానీ క్రమంగా బడి మరుగున పడి, రాతప్రతుల పాఠాంతరాలు ముందుకొచ్చాయి. బాన్‌లో ప్లౌటస్ నాటకాలను పరిష్కరించిన ఫ్రీడ్రిష్ రిట్షెల్ ఈ కొత్త ధోరణికి పెద్ద దిక్కు. తర్వాత తత్వవేత్తగా పేరొందిన ఆయన శిష్యుడు ఫ్రీడ్రిష్ నీషే 1869లో, 24 ఏళ్ల వయసులో, బాజెల్‌లో ఆచార్యుడయ్యాడు.

అమెరికాకు ఈ సంప్రదాయాన్ని చేరవేసినవారిలో ముఖ్యుడు బాసిల్ గిల్డర్‌స్లీవ్. 1853లో గోటింగెన్‌లో డాక్టరేట్ పొందాడు. 1867లో ఆయన రాసిన లాటిన్ వ్యాకరణం తర్వాతి తరాల చేతుల్లో నలిగింది. 1876లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు గ్రీకు ఆచార్యుడిగా చేరి, సెమినార్ పద్ధతిని అక్కడ నాటాడు. 1880లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిలాలజీ స్థాపించాడు.

మళ్లీ తరగతి గది వైపు చూపు మళ్లించినవారిలో కలకత్తాలో పుట్టిన డబ్ల్యు.హెచ్.డి. రౌజ్ ఒకరు. కేంబ్రిడ్జిలోని పెర్స్ పాఠశాల ప్రధానాధ్యాపకుడిగా పిల్లలతో లాటిన్‌లోనే మాట్లాడుతూ లాటిన్ నేర్పించాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో సంస్కృతమూ బోధించాడు. 1911లో వేల్స్‌లోని బాంగర్‌లో జరిగిన వేసవి పాఠశాల ఆయన పద్ధతిని ఇతర ఉపాధ్యాయులకు పరిచయం చేసింది. బడి పంతుళ్లను తయారుచేయాలన్న గెస్నర్ లక్ష్యంతోనే ఇప్పుడు అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు లాటిన్ బోధనకే ప్రత్యేకంగా మాస్టర్స్ కోర్సు నడుపుతున్నాయి. అందులో చేరినవారు ప్రాచీన రచయితలను చదువుతూనే, బడిలో పాఠాలు చెప్పి ఉపాధ్యాయ అర్హత సంపాదిస్తారు.