నలభై దాటాక తిరువయ్యారు

నలభై దాటాక మా సాఫ్ట్‌వేర్ జనాల్లో కొందరికి మారథాన్ల పిచ్చి పడుతుంది, కొందరికి కచేరీల పిచ్చి. నాది రెండోది. డిసెంబరు వస్తే చెన్నైకి, పుష్యమాసం వస్తే త్యాగరాజ ఆరాధనకని తిరువయ్యారుకి టికెట్లు వెతుక్కుంటాను. "పాతికేళ్ళప్పుడు లేని భక్తి ఇప్పుడేంటి బాసూ" అని ఆఫీసులో ఎగతాళి. భక్తి సంగతి నాకూ సరిగ్గా తెలీదు గానీ, నలభై దాటాకే ఆ ఊరి దారి పట్టిన ఒకావిడ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆవిడ లేకపోతే మనం వెళ్ళి చూసే గుడే లేదు.

త్యాగరాజు 1847లో పోయారు. కావేరి ఒడ్డున సమాధి. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిల్లైస్థానం అన్నదమ్ములు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ ఆరాధన ఉత్సవం మొదలెట్టి, కొన్నాళ్ళకే పడక విడిపోయారు. ఒకటి పెరియ కట్చి, ఇంకోటి చిన్న కట్చి, అంటే పెద్ద పార్టీ, చిన్న పార్టీ. (అమెరికాలో మన సంఘాల్ని చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.) రెండిట్లో దేంట్లోనూ ఆడవాళ్ళు పాడకూడదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయం!

బెంగుళూరు నాగరత్నమ్మ పేరు మన తెలుగువాళ్ళకి తెలిస్తే ముద్దుపళని 'రాధికాసాంత్వనము' వల్ల తెలిసుంటుంది. అంతకుముందు అచ్చేసినవాళ్ళు కోసేసిన పద్యాలన్నీ కలిపి 1910లో వావిళ్ళవారి చేత వేయించారు. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి హయాంలో 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ముద్దుపళనిదీ తంజావూరే, ఆ ఆస్థానపు మనిషే. అక్కణ్ణుంచి తిరువయ్యారు గట్టిగా పన్నెండు, పదమూడు కిలోమీటర్లు.

నాగరత్నమ్మ పుట్టింది 1878లో, మైసూరు దగ్గర నంజనగూడులో, దేవదాసీ కుటుంబంలో. మద్రాసులో పేరూ డబ్బూ సంపాదించిన గాయని. త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని గురువు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం చూసి కదిలారు. 1921లో, తన నలభై మూడో ఏట, పనికి శంకుస్థాపన. 1925లో గుడి ప్రతిష్ఠ. ఖర్చు ఆవిడ సొంత సంపాదన. ఇంత చేసినా ఆరాధనలో ఆవిడకి పాడే హక్కు లేదు. ఏం చేశారంటే, 1927లో గుడి వెనకవైపు ఆడవాళ్ళ ఆరాధన విడిగా మొదలెట్టారు. మూడో కట్చి అన్నమాట!

అదే 1927లో ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం తీర్మానం పెడితే నాగరత్నమ్మ వ్యతిరేకించారు. నా ఓటు ముత్తులక్ష్మికే. కానీ ఆటా పాటా చదువూ ఆస్తీ అన్నీ ఆ కులంలో పుట్టడం వల్లే దక్కిన మనిషిని 'నువ్వు చేసింది వ్యభిచారం' అంటే ఎలా మండుతుందో నాకర్థమవుతుంది. ఆవిణ్ణి పొగిడేవాళ్ళు ఈ ముక్క ఎందుకు దాటేస్తారో మాత్రం అర్థంకాదు.

1940కి మూడు కట్చీలూ కలిశాయి. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. ఇప్పుడు బహుళ పంచమి పొద్దున నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో పంచరత్నాలు ఆడా మగా కలిసే పాడతారు. అయిదింట్లో నాలుగు తెలుగు, 'జగదానందకారక' ఒక్కటే సంస్కృతం. తెలుగు రానివాళ్ళు చాలామంది తమిళ లిపిలో రాసుకుని పాడుతుంటారు, మనకంటే శ్రద్ధగానే. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న ఆరాధనకి వెళ్ళే మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఈ వెనకవైపు కథ తెలిసినవాళ్ళు నాకింకా తగల్లేదు.

నాగరత్నమ్మ 1952లో పోయారు. ఆవిడ సమాధీ అక్కడే, త్యాగరాజు సన్నిధికి దగ్గర్లో. చేతులు జోడించి ఆయనవైపు చూస్తూ విగ్రహం ఉంటుంది. పంచరత్నాలవగానే జనమంతా తంజావూరు బస్సుల మీద పడతారు. ఆ అరగంట ఆగితే అక్కడ తోపులాట ఉండదు.