కాలు బాగున్నవాళ్లు మింగాల్సిన మాత్ర

బోదకాలు నివారణ మాత్రలు పంచే రోజుల్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "నా కాళ్లు బాగానే ఉన్నాయి కదమ్మా, ఈ మాత్రలు నాకెందుకు?" అది మొండితనంతో అడిగే ప్రశ్న కాదు. జబ్బున్నవాడే మందు మింగాలన్నది తరతరాలుగా మనకు తెలిసిన పద్ధతి. పైగా వాచిన కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి అదే వీధిలో ఉంటాడు. ఆయనకు కదా ఇవ్వాలి, మాకిస్తారేమిటని అనిపించడం సహజం. ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి వైద్యశాస్త్రానికి వందేళ్ల పైనే పట్టింది. అందులో కొంత చైనాలోని ఒక రేవు పట్టణంలో తేలింది. మరికొంత, మన భీమవరంలో పుట్టిన ఒక మనిషి అమెరికాలో నడిపిన ప్రయోగశాలలో తేలింది.

జబ్బు మాత్రం చాలా పాతది. సుశ్రుతుడు దీన్ని శ్లీపదం అన్నాడు. పాత నీరు నిలిచి ఉండి, అన్ని రుతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లోనే ఇది ఎక్కువగా పుడుతుందని మన ఆయుర్వేద గ్రంథాలు చెప్పాయి. దోమ సంగతి ఎవరికీ తెలియని కాలంలో నిలవ నీటికీ కాలి వాపుకీ లంకె ఉందని కనిపెట్టడం చిన్న విషయం కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తా పటం ముందు పెట్టుకుని చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. తెలంగాణలోనూ నల్గొండ, మెదక్, కరీంనగర్ ప్రాంతాలు ఈ జబ్బు బాధ చాలాకాలం పడ్డాయి.

పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో అసలు దోషి ఆనవాళ్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 1863లో పారిస్‌లో డెమార్కే అనే వైద్యుడు వరిబీజం నీటిలో కంటికి కనబడనంత సన్నని పురుగు పిల్లల్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. 1866లో బ్రెజిల్‌లో వూషెరర్ వాటినే పాలలా తెల్లబడిన మూత్రంలో చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలోనే వాటిని పట్టుకున్నాడు. వాటిని కన్న తల్లి పురుగు 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కు దొరికింది. దారప్పోగులా ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుండే ఆ పురుగుకు చివరికి ఉచరేరియా బాంక్రాఫ్టి అని, వూషెరర్, బాంక్రాఫ్ట్ ఇద్దరి పేర్లూ కలిపిన పేరు నిలిచింది. మన దేశంలో బోదవ్యాధి దాదాపు మొత్తం దీని పనే.

పురుగు దొరికింది సరే, ఒక మనిషి ఒంట్లోంచి ఇంకో మనిషి ఒంట్లోకి ఎలా వెళ్తోంది? చైనాలోని అమోయ్ రేవులో కస్టమ్స్ శాఖ వైద్యుడిగా పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్‌ను ఈ ప్రశ్న పట్టుకుంది. రక్తంలో ఈదే పిల్ల పురుగులు ఆ రక్తంలోనే పెరిగి పెద్దవైతే మనిషి బతకడు. కాబట్టి అవి బయటికి వెళ్లి తీరాలి, తీసుకెళ్లేది రక్తం తాగే ప్రాణి అయి ఉండాలి అన్నది ఆయన తర్కం. 1877లో ఆయన తన తోటమాలిని ఒప్పించాడు. అతని పేరు హిన్ లో, అతని రక్తంలో పిల్ల పురుగులున్నాయి. దోమలు రావడానికి తలుపు తెరిచి, దీపం పెట్టిన గదిలో అతన్ని పడుకోబెట్టారు. తరువాత తలుపు మూశారు. తెల్లారాక నెత్తురు తాగి గోడలకు అంటుకుని ఉన్న దోమలను పట్టి, రోజుకు కొన్నింటిని కోసి చూశాడు మాన్సన్. దోమ పొట్టలో పిల్ల పురుగు తన పైపొరను విడిచి, రొమ్ము కండరాల్లోకి దూరి, రోజురోజుకూ రూపం మార్చుకోవడం ఆయనకు కనిపించింది. మనిషి జబ్బుకు కారణమైన జీవి ఒక కీటకంలో పెరుగుతుందని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ రాత్రుల్లో దోమలకు ఒళ్లప్పగించి పడుకున్న హిన్ లోకు ఈ చరిత్రలో మాన్సన్ పక్కనే చోటివ్వాలి.

మాన్సన్ ఇంకో వింత గమనించాడు. పగలు తీసిన రక్తంలో పిల్ల పురుగులు దాదాపు కనిపించవు. పొద్దుగూకాక ఒక్కొక్కటే బయటికొచ్చి, అర్ధరాత్రి వేళకు వేలల్లో తిరుగుతాయి. తెల్లవారేసరికి మళ్లీ మాయం. పగలంతా అవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉంటాయని తరువాత తేలింది. మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటే ఆ వేళలు తారుమారవుతాయని 1881లో లండన్‌లో మెకెంజీ చూపించాడు. మన దగ్గర ఈ పురుగును మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రి వేళే. పురుగు పిల్లలు ఆ వేళకే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మలేరియా శాఖ సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక స్లైడ్ల పెట్టె పట్టుకుని వచ్చి, నిద్రలేపి మరీ వేలిమీద సూది గుచ్చేది ఇందుకే.

అయితే మాన్సన్ ఒకచోట దారి తప్పాడు. గుడ్లు పెట్టాక దోమ నీటిలో పడి చస్తుందని, పురుగు ఆ నీళ్ల ద్వారా మనిషిలోకి చేరుతుందని అనుకున్నాడు. 1900లో జార్జ్ కార్మైకేల్ లో అనే పరిశోధకుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన దోమల్ని పలచని ముక్కలుగా కోసి చూసినప్పుడు, పురుగులు దోమ తొండంలోనే బారులు తీరి ఉన్నాయి. ఆ దోమలను పంపినవాడు జోసెఫ్ బాంక్రాఫ్ట్ కొడుకే. ఈ లోపల మాన్సన్ ఆలోచన ఇంకో పెద్ద ఫలితాన్ని మన గడ్డమీదే ఇచ్చింది. బోదపురుగును మోసే దోమ మలేరియాను ఎందుకు మోయకూడదని ఆయన రోనాల్డ్ రాస్‌ను పురిగొల్పాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రాస్‌కు దోమ పొట్టలో మలేరియా క్రిమి దొరికింది.

మలేరియాకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది, తరువాతి కథంతా దానిమీదే నిలబడింది. మలేరియా క్రిమి దోమలో వందలూ వేలూ అవుతుంది. బోదపురుగు పిల్ల అలా కాదు. దోమలోకి ఒకటి వెళ్తే ఒకటే పెరుగుతుంది, రెండు వారాలకు గాని సోకే దశకు రాదు. దోమ కుట్టినప్పుడు అది నేరుగా రక్తంలోకి దిగదు. చర్మంమీద పడి, కాటు రంధ్రం వెతుక్కుని పాకాలి. లోపలికి వెళ్లినా ఆడదీ మగదీ రెండూ శోషరస నాళాల్లో కలుసుకుంటేనే సంతానం. అందుకే ఒకటీ అరా దోమకాట్లతో ఈ జబ్బు రాదు. ఏళ్ల తరబడి కుట్టించుకోవాలి. వచ్చాక మాత్రం పెద్ద పురుగులు ఆరేడేళ్లు బతికి లక్షల పిల్లల్ని కంటూనే ఉంటాయి.

అసలు జవాబు ఇక్కడుంది. లక్షల పిల్లల్ని రక్తంలో మోస్తున్న మనిషికి చాలాసార్లు పైకి ఏ లక్షణమూ ఉండదు. జ్వరం లేదు, వాపు లేదు, పనిపాటలు చేసుకుంటూనే ఉంటాడు. పురుగుల వల్ల శోషరస నాళాలు దెబ్బతిని, గజ్జల్లో బిళ్లలు కట్టి, చలిజ్వరాలు వచ్చిపోతూ, చివరికి కాలు వాచి గట్టిపడేది ఎన్నో ఏళ్లకు. ఆ దశకు వచ్చినవాళ్లలో చాలామంది రక్తంలో పిల్ల పురుగులే ఉండవు. ఊరంతా చూసి పక్కకు తప్పుకునే ఆ బోదకాలు మనిషి వల్ల దాదాపు ఎవరికీ ప్రమాదం లేదు. దోమ జబ్బు తీసుకెళ్తున్నది కాళ్లు బాగున్న మన దగ్గర్నుంచే. ఈ ఒక్క నిజం తెలియక ఎందరి పెళ్లిళ్లు ఆగిపోయాయో, ఎందరు ఇంటి వెనక గదుల్లో బతుకు గడిపారో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మందు సంగతికొద్దాం. 1940ల దాకా ఉన్నవి ఆంటిమొనీ, ఆర్సెనిక్ కలిసిన సూదిమందులు. రోగినీ విషంలా బాధించేవి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికుల్లో వేలమందికి ఫైలేరియా, అంటే ఈ బోదవ్యాధి, సోకింది. మంచి మందు కావాలన్న ఒత్తిడి పెరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు అప్పుడు అధిపతి యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన జీవితాన్ని ఉష్ణమండల జబ్బులు ముందునుంచే తాకాయి. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది, తనూ దాని బారిన పడి బతికాడు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణం బోధించి, 1923లో హార్వర్డ్‌కు వెళ్లింది ఉష్ణమండల వైద్యం చదువుకోవడానికే. కణానికి శక్తినిచ్చే ఏటీపీ మీద పని, ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందులు ఆయనకు పేరు తెచ్చాయి. నా దృష్టిలో వాటికి ఏమాత్రం తీసిపోనిది ఈ మాత్ర. ఆయన బృందం పైపరజీన్ కుటుంబపు రసాయనాలను, ఇలాంటి పురుగే సోకిన పత్తి ఎలుకల మీద ఒక్కొక్కటిగా పరీక్షించింది. అలా తేలింది డైఇథైల్‌కార్బమజీన్ (డి.ఇ.సి.). హెట్రజాన్ పేరుతో 1947లో బయటికొచ్చింది. అదే ఏడాది ప్యూర్టో రికోలో రోగులకు ఇచ్చి చూస్తే రక్తంలో పిల్ల పురుగులు ఇట్టే తగ్గిపోయాయి. నోట వేసుకుంటే చాలు, సూది లేదు, ఖరీదు స్వల్పం. మరుసటి ఏడాది ఆగస్టులో, యాభై మూడేళ్లకే, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. తన మందు మన డెల్టా ఊళ్లకు చేరడం ఆయన చూడలేదు.

చేరడమూ సులువుగా జరగలేదు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. వరసగా కొన్ని రోజులు మాత్రలు మింగించాలని చూశారు. జనం మింగలేదు. మింగిన కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వచ్చాయి. నిజానికి రక్తంలో పురుగులున్నవాళ్లకే ఆ బాధలు ఎక్కువ. చచ్చిన పిల్ల పురుగుల మీద ఒళ్లు తిరగబడటమే ఆ జ్వరం. మాత్ర పనిచేసిందనడానికి అదే గుర్తు. ఆ సంగతి ముందే కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేకపోయారు. దాంతో మందు చెడ్డదన్న పేరు పడింది. 1960 తరువాత మూకుమ్మడి పంపిణీ ఆపేసి, పట్టణాల్లో మురుగు కాలువల్లో నూనె చల్లడం, రాత్రి రక్తపరీక్షలు చేయడం, దొరికినవాళ్లకు మందివ్వడం మీద పడ్డారు. పల్లెలు చాలావరకు వెనకబడిపోయాయి. రాజమండ్రిలో ఫైలేరియా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టి తరతరాల సిబ్బందిని తయారుచేసుకున్నా, దోమల్ని మాత్రం గెలవలేకపోయాం.

మాత్ర మింగనివాళ్లచేత ఉప్పులో కలిపి తినిపించవచ్చని 1967లో బ్రెజిల్‌లో చూపించినవాడు ఫ్రాంక్ హాకింగ్. విశ్వరహస్యాలు శోధించిన స్టీఫెన్ హాకింగ్‌కు ఈయన తండ్రి. చైనా ఈ మందుప్పును పెద్దఎత్తున వాడి, 2007 నాటికి జబ్బును తుడిచేసింది. మన దగ్గర లక్షద్వీప్‌లోనూ, కారైకాల్‌లోనూ ఉప్పు ప్రయోగాలు ఫలించినా దేశమంతటా అది సాగలేదు.

దారి మళ్లింది 1990ల్లో. రోజుల తరబడి అక్కర్లేదు, ఏడాదికి ఒక్కసారి మింగినా పిల్ల పురుగులు దాదాపు ఏడాదంతా బాగా తగ్గే ఉంటాయని తేలింది. పెద్ద పురుగులు చాలావరకు చావవు, నిజమే. కానీ వాటి ఆయుష్షు ఆరేడేళ్లు. అన్నేళ్లూ ఊరందరి రక్తంలోనూ పిల్లలు లేకుండా చేస్తే, దోమ కుట్టినా తీసుకెళ్లేదేమీ ఉండదు. ఈలోగా పెద్దవి ముసలివై చస్తాయి. ఈ పురుగుకు మనిషి తప్ప మరో జంతువు ఆశ్రయం లేదు కనుక లెక్క సరిపోతుంది. అయితే ఊళ్లో చాలామంది మానేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. మందు మింగాల్సినవాళ్లలో కనీసం 65 శాతం మింగాలన్న గీత అందుకే గీశారు. 2000లో ప్రపంచ కార్యక్రమం, 2004లో మన దేశవ్యాప్త పంపిణీ మొదలయ్యాయి. తరువాత ఆల్బెండజోల్ జతపడింది. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులిస్తున్నారు. రెండేళ్లలోపు పిల్లలకూ, గర్భిణులకూ, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకూ ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు. జేబులో పెట్టుకుని తరువాత వేసుకుంటామనకుండా, ఇచ్చినవాళ్ల ఎదుటే మింగాలి. ఆఫ్రికాలో నదీ అంధత్వం అనే మరో పురుగు జబ్బు ఉన్న ప్రాంతాల్లో ఈ డి.ఇ.సి. వాడితే కళ్లకు హాని గనుక అక్కడ వేరే మందులతోనే నడిపారు.

ఇప్పుడు పలు దేశాలకు ఉచితంగా వెళ్లే డి.ఇ.సి. మాత్రలు తయారయ్యేది విశాఖపట్నంలో. జపాన్‌కు చెందిన ఐసాయ్ సంస్థ 2013 నుంచి అక్కడి కర్మాగారంలో వీటిని చేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా 200 కోట్లకు పైగా పంచింది. భీమవరం మనిషి మందు విశాఖ నుంచి లోకానికి వెళ్తోందన్న సంగతి మన బడిపిల్లలకు పాఠంగా చెప్పాలని నా కోరిక.

ఇప్పటికే కాలు వాచినవాళ్లకు ఈ మాత్ర ఆ వాపు తీయదు. వాళ్లకు కావాల్సింది సబ్బు, శుభ్రమైన నీళ్లు, మెత్తటి తువ్వాలు. వేళ్ల సందుల్లోని పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరడం వల్లే మాటిమాటికీ జ్వరమొచ్చి కాలు ఇంకా పెరుగుతుంది. రోజూ కడిగి, సందులన్నీ పొడిగా తుడిచి, పుండుకు పూత రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకుంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. వరిబీజానికి శస్త్రచికిత్స ఉంది. తెలంగాణ 2018లో ఆసరా పింఛన్లలో బోదకాలు బాధితులనూ చేర్చింది. అది ఎప్పుడో జరగాల్సింది.

కనీసం ఐదేళ్లు పంపిణీ చేసి, రక్తంలో పిల్ల పురుగులున్నవాళ్లు నూటికి ఒక్కరికన్నా తగ్గాక, ఆపవచ్చా లేదా అన్నది తేల్చేది ఆరేడేళ్ల పిల్లలు. పంపిణీ మొదలయ్యాక పుట్టి పెరిగినవాళ్లు గనుక, వాళ్ల ఒంట్లో పురుగు జాడ ఉంటే జబ్బు ఇంకా పాకుతున్నట్టే. ఒకటి, రెండు తరగతుల్లో పట్టపగలే వేలిచుక్క రక్తం తీసి చిన్న పట్టీమీద వేసి చూస్తారు. రెండు మూడేళ్లకోసారి ఆ పరీక్ష మళ్లీ చేస్తారు. శ్రీలంక, మాల్దీవులు, థాయిలాండ్, బంగ్లాదేశ్ ఇలాగే బయటపడ్డాయి. మన దేశం పెట్టుకున్న గడువు 2027.