ఆల్ వెదర్ రోడ్డు, ఆల్ వెదర్ టైరు

విదేశాలలో ఉన్న మన పిల్లలు ఫోనులో "చలికాలం టైర్లు వేయించాము" అంటే మనలో చాలామందికి వింతగా తోస్తుంది. మన ఆఫీసు దస్త్రాలలో "ఆల్ వెదర్" అనే మాట టైరుకు కాదు, రోడ్డుకు వాడేవారము. ఏడాది పొడవునా బండి పోగలిగితే అది ఆల్ వెదర్ రోడ్డు. వానలకు మూతపడేది ఫెయిర్ వెదర్ రోడ్డు.

ఉద్దానంలో తీరం వైపు పోయేకొద్దీ ఇసుక నేల. ఇనుప పట్టా వేసిన కర్ర చక్రం ఇసుకలో దిగబడితే ఎడ్లు రొప్పేవి. 1839లో గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే పద్ధతి కనిపెట్టాడు. 1888లో డన్లప్ గాలి టైరు తయారుచేశాడు. వెడల్పయిన గాలి టైరు బరువును పరచి మోస్తుంది గనుక ఇసుకలో టైరుబండి తేలికగా నడిచేది.

తరువాత జీపుల కాలం. ఇసుకలో గాలి కొంత తగ్గించి నడపడం, దిగబడితే చక్రాల కింద కొబ్బరి మట్టలు వేయడం డ్రైవర్లకు తెలిసిన విద్య. నేను పనిచేసిన ఒక ఆఫీసులో అరిగిన టైర్లకే రీట్రేడింగు చేయించేవారు. కొత్త టైర్లకు ఇండెంటు పెడితే, అనుమతి వచ్చేసరికి వానాకాలం దాటిపోయేది!

ఇక చలికాలం టైరు సంగతి. 1934లో ఫిన్లాండులో లారీల కోసం మొదట తయారైంది. సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు రబ్బరు బిరుసెక్కి పట్టు తప్పుతుంది. చలికాలం టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2008లో దీనిని తప్పనిసరి చేసింది. ఏడాదంతా వాడదగినది ఆల్ వెదర్ టైరు. మంచుకు పనికివచ్చే టైరుపై కొండ, మంచుపువ్వు గుర్తు ఉంటుంది.

మన తీరంలో అంత చలి లేదు. మన గండం వాన. టైరు గాళ్లు నీటిని పక్కకు తోసివేస్తేనే చక్రం రోడ్డును పట్టుకుంటుంది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన.

2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చాక పల్లెలకు ఆల్ వెదర్ రోడ్లు పెరిగాయి. అయినా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. అప్పుడు టైరుకన్నా గొడ్డలే ముఖ్యమైంది.

మన ప్రాంతంలో కిడ్నీ రోగులు ఎందరో. వాన కురిసినా డయాలసిస్ వాయిదా ఆగదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది గాని, అక్కడికి క్షేమంగా చేర్చవలసినది బండి చక్రమే. కనుక సభ్యులకు నా మనవి: తొలకరికి ముందే టైర్లు చూపించండి. ఇంటి ముందు కదలకుండా ఉన్న కారు టైరు కూడా ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం తయారైనదని అర్థం. మన సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ వంటిదే అది, దిద్దడానికి వీలులేదు.