జ్య, జేబు, సైను
తెలుగు మీడియంలో లెక్కలు చదివినవాళ్లకు జ్యా, చాపం గుర్తుండే ఉంటాయి. జ్య అంటే వింటినారి, చాపం అంటే విల్లు. నారి నడుమ నుంచి వంపుదాకా ఉన్న దూరానికి పాత జ్యోతిష గ్రంథాల్లో 'శరం' అని పేరు. వృత్తం ముక్కను చూస్తే మనవాళ్లకు విల్లే కనిపించిందన్నమాట.

గ్రీకుల్లో టాలెమీ పూర్తి జ్యాలతో పట్టిక కట్టాడు. 499 నాటి 'ఆర్యభటీయం' సగం జ్యాతో పని కానిచ్చింది. లెక్కకు అదే సులువు. 'అర్ధజ్య' అనాల్సింది వాడుకలో 'జ్య', 'జీవ'గా కురచయింది.

ఆ 'జీవ' అరబ్బు పండితుల చేతికి వెళ్లి 'జీబ' అయింది. వాళ్ల భాషలో దానికి అర్థం లేదు. హ్రస్వాచ్చులు రాయని లిపి కదా, అవే అక్షరాలను 'జైబ్' అని చదివారు. అంటే అంగీ ఎద దగ్గరి మడత. 12వ శతాబ్దంలో లాటిన్ అనువాదకులు మడతకు తమ మాట 'సైనస్' వాడారు. అదే మన సైను. అదే 'జైబ్' పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి మన 'జేబు' అయింది.

కొసైనుకు సంస్కృతంలో కోటిజ్య అని పేరు. కోటి అంటే వింటి కొస. అయితే కొసైనులోని 'కొ'కు దీంతో చుట్టరికం లేదు. అది లాటిన్‌ది.