తీరపు కోత: డ్రోన్ ఫొటోలతో కొలత

సముద్రం తీరాన్ని ఎక్కడ, ఎంత కోస్తున్నదో తెలుసుకోవడానికి తక్కువ ఎత్తు నుంచి ఫొటోలు తీసి, వాటి నుంచి కొలతలు రాబట్టే పద్ధతి ఇది. ఎత్తు సాధారణంగా 50 నుంచి 120 మీటర్లు. ఇప్పుడు ఈ పని ఎక్కువగా డ్రోన్లతోనే జరుగుతోంది. అయితే డ్రోన్లు రాకముందే ఆర్థర్ బాటూ 1888లో ఫ్రాన్స్‌లో గాలిపటానికి కెమెరా కట్టి ఫొటోలు తీశాడు. 1906 భూకంపం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో శిథిలాలను జార్జ్ లారెన్స్ గాలిపటాల వరసతోనే పైనుంచి ఫొటో తీశాడు.

ఉపగ్రహాలు ఉండగా ఇదెందుకంటే, ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో పిక్సెల్ నేల మీద 30 మీటర్లు, సెంటినెల్-2లో 10 మీటర్లు. దశాబ్దాల ధోరణి చూడటానికి అవి చాలు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990-2018 మధ్య కాలానికి ప్రధానంగా ఉపగ్రహ చిత్రాలతోనే లెక్కవేసి, దేశ ప్రధాన భూభాగ తీరంలో దాదాపు మూడోవంతు కోతకు గురవుతోందని తేల్చింది. ఒక్క తుపానుకు ఏ వీధి వెనక ఎంత ఇసుక పోయిందన్నది మాత్రం అందులో కనిపించదు.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడలో ఆ వివరమే కావాలి. ఈ తీరం వెంబడి ఏడాది మొత్తమ్మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. గోదావరి ఒండ్రుతో పెరిగిన హోప్ ఐలాండ్ తిన్నె దగ్గర అది నిలిచిపోవడం, ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం, ఓడరేవు నిర్మాణాలు కోతకు కారణాలని నిపుణులు చెబుతారు. ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలైన జియోట్యూబులు వేశారు, రాళ్లు పోశారు. కెరటాలు రెంటినీ దెబ్బతీశాయి. అల్పపీడనం పట్టిందంటే బీచ్ రోడ్డు మీద రాకపోకలు ఆపేస్తారు. ఇలాంటి చోట రక్షణ గోడ ముందు ఇసుక ఎంత దిగిందన్నది గోడ కూలకముందే తెలియాలి.

సర్వే ఆటు సమయంలో చేస్తారు. ముందు నలుపు తెలుపు గళ్ల పలకలను తీరం పొడవునా పరచి, ఒక్కోదాని స్థానాన్ని, ఎత్తును ఉపగ్రహ సంకేతాలతో స్థానం చెప్పే జీఎన్ఎస్ఎస్ పరికరంతో సెంటీమీటర్లలో నమోదు చేస్తారు. వాటితో పాటు కల్వర్టు అంచు, గుడి అరుగు లాంటి కదలని గుర్తులు కొన్నైనా ఉండాలి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత చేసిన సర్వేని దేనితో సరిచూస్తారు? ఆపైన డ్రోన్ వరసల్లో ఎగురుతూ, ఒక ఫొటోకీ మరో ఫొటోకీ 70-80 శాతం నేల ఉమ్మడిగా పడేలా తీసుకుంటూ పోతుంది. ఒక అంగుళం సెన్సరున్న 20 మెగాపిక్సెళ్ల కెమెరాతో 100 మీటర్ల ఎత్తున ఒక్కో పిక్సెల్ సుమారు 2.7 సెంటీమీటర్లు. ఒకే రాయి అనేక ఫొటోల్లో వేర్వేరు కోణాల్లో కనిపిస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాని ఎత్తును గణించి, తీరమంతటికీ ఎత్తుల పటం తయారుచేస్తుంది. రెండు తేదీల పటాల్లో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేస్తే పోయిన ఇసుక ఘనపుమీటర్లలో వస్తుంది. హెక్టారు తీరం 10 సెంటీమీటర్లు దిగితే 1,000 ఘనపుమీటర్లు పోయినట్టు.

అసలు చిక్కు ఇక్కడే. ఒక్కో పటంలో 5 సెంటీమీటర్ల దోషం ఉంటే తేడాలో అది 7 దాకా అవుతుంది. నమ్మకంగా చెప్పాలంటే దానికి రెట్టింపు, అంటే 14 సెంటీమీటర్ల లోపు మార్పును పక్కన పెట్టాల్సిందే. ఫొటోలన్నీ నిటారుగా కిందికే తీస్తే చదునైన తీరం కూడా మధ్యలో ఉబ్బినట్టో గుంటపడినట్టో వస్తుంది, అందుకే కొన్నింటిని ఏటవాలుగా తీస్తారు. మెరిసే తడి ఇసుక, కదిలే నీరు సాఫ్ట్‌వేర్‌కి ఆనవు. నీటి అంచును తీరరేఖ అనుకోవడం ఇంకా ప్రమాదం: 20 మీటర్లకు ఒక మీటరు వాలున్న తీరంలో నీటిమట్టం మీటరు మారితే అంచు 20 మీటర్లు జరుగుతుంది. అది కోత కాదు, ఆటుపోటు. పటం మీద కోతను చూపే ఎర్రరంగు ఎంత బాగా కనబడినా, సర్వే జరిగిన వేళ, నీటిమట్టం, దోషం రాయని నివేదికను నమ్మనక్కర్లేదు.

రుతువునూ చూసుకోవాలి. తుపాన్ల కాలంలో తరిగిన ఇసుక కొంత ప్రశాంత నెలల్లో తిరిగొస్తుంది. డిసెంబరు సర్వేని మే సర్వేతో పోల్చి తీరం పెరిగిందని చెప్పడం తేలికే. అందుకే ఏటా అదే కాలంలో ఒక సర్వే, దానికి తోడు తుపాను ముందూ వెనకా చెరొకటి చేయించడం మేలు. నీటి కింద తిన్నెలుగా చేరిన ఇసుక ఫొటోల్లో పడదు. దానికి పడవ మీద ఎకోసౌండర్ వాడాలి.

భారత్‌లో 2021 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్లలో 120 మీటర్ల వరకు ఎగరవచ్చు. ఎల్లో, రెడ్ జోన్లలో ముందస్తు అనుమతి ఉండాలి. ఉప్పాడకు దక్షిణాన ఉన్న హోప్ ఐలాండ్ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కాబట్టి అక్కడ సర్వే చేసేవాళ్లు అటవీ శాఖను కూడా సంప్రదించడం మంచిది.