వీధిబడిలో భిన్నాలు

నాలుగోవంతు పెద్దదా, ఎనిమిదోవంతు పెద్దదా అని చిన్న తరగతి పిల్లలను అడిగి చూడండి. ఎనిమిదోవంతే పెద్దదని తడుముకోకుండా చెప్పేవారు చాలామంది ఉంటారు. నాలుగుకంటె ఎనిమిది పెద్దది గదా అన్నది వారి తర్కం. ఆ తర్కంలో తప్పు పట్టవలసింది పిల్లలను కాదు. అంకె కంటికి కనబడుతున్నది. వంతు కనబడడం లేదు.

మా అమ్మాయికి బడిలో కొన్ని అట్టముక్కలు ఇచ్చినారు. ఒక్కొక్క ముక్కమీద ఒక్కొక్క భిన్నం. వాటిని ఇంటివద్ద అరకు తక్కువ, అరకు సమానం, అరకు ఎక్కువ అని మూడు కుప్పలుగా ఏరి పెట్టుకొని రమ్మన్నారు. మూడు ఎనిమిదోవంతులు అన్న ముక్కను మా అమ్మాయి నిశ్చింతగా ఎక్కువ కుప్పలో వేసింది. పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్న మా అమ్మ తల ఎత్తి, "కుంచంలో ఎనిమిదోవంతు తవ్వే గదా! మూడు తవ్వలు అడ్డను ఎట్లా దాటుతాయే? అడ్డకు నాలుగు తవ్వలు కావద్దూ?" అన్నది. "తవ్వ అంటే ఏమిటి నాయనమ్మా?" అని అడిగింది పిల్ల.

ఆ ప్రశ్నకు జవాబు వెదకబోతే రెండువందల ఏండ్లు వెనుకకు పోవలసి వచ్చింది.

మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో రాజధాని అంతటా దేశీయ పాఠశాలల స్థితిగతులను విచారించి తెలుపవలసిందని కలెక్టర్లను కోరినాడు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపినాడు. ఆ కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు. కాబట్టి మన భాష తెలియని దొర చెప్పిన మాట కాదు. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా చేరి ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క తేల్చినాడు. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235.

ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం మొదలు బడి దినచర్య యావత్తూ ఆయన వర్ణించినాడు. అందులో మనకు కావలసిన సంగతి ఒకటి ఉన్నది. భిన్నాలు నేర్పడంలో పంతుళ్ళు ఎంతో శ్రమ తీసుకొంటారనీ, ఆ భిన్నాలు ఇంగ్లీషువారి దశాంశాలవలె పదేసి వంతులుగా గాక నాలుగేసి వంతులుగా దిగుతూ చాలా దూరం పోతాయనీ ఆయన వ్రాసినాడు. రోజుకు రెండుమార్లు పిల్లలను వరుసగా నిలబెట్టి, పెద్ద పిల్లవాడు ఒకడు చెబుతూ ఉండగా ఎక్కాలూ, భిన్నాలూ, కొలతలూ, తూనికలూ అందరిచేతా వల్లె వేయించేవారట.

నాలుగేసి వంతులుగా దిగడమంటే ఏమిటో చూడండి. ఒకటిలో నాలుగోవంతు కాలు. కాలులో నాలుగోవంతు వీసం. వీసంలో నాలుగోవంతు కాని. వీటిని వ్రాయడానికి తెలుగులో ప్రత్యేకమైన గుర్తులు ఉండేవి. కాలుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముక్కాలుకు మూడు. వీసాలకు వచ్చేసరికి అవే గీతలు అడ్డంగా పడతాయి. ఇంకా కిందికి దిగితే మళ్ళీ నిలువు. వాడుక తప్పి మరుగున పడిన ఈ గీతలు 2008లో కంప్యూటరు లిపుల ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు సంపాదించుకొన్నవి. వాటిని చదవగలవారు మాత్రం అరుదైపోయినారు.

ఇవి బడి గోడల మధ్య పుట్టిన లెక్కలు కావు. ఇంట్లో కుంచం ఉండేది. కుంచంలో నాలుగోవంతు మానిక, మానికలో నాలుగోవంతు సోల, సోలలో నాలుగోవంతు గిద్దె. నడుమ సగాలకు కూడా పేర్లు ఉన్నవి: అరకుంచం అడ్డ, అరమానిక తవ్వ, ఆ తరువాత అరసోల. పాత్రల పరిమాణం సీమకొక తీరుగా ఉండేది గాని, ఈ వరుస మాత్రం చాలాచోట్ల చెదరలేదు. కుంచానికి పదహారు సోలలు, అరవైనాలుగు గిద్దెలు. రూపాయి చూడండి: నాలుగు పావలాలు, పదహారు అణాలు, అరవైనాలుగు కానులు. బడిలో కంఠస్థం చేసిన వరుసనే పిల్లవాడు ఇంట్లో గింజలతో కొలిచేవాడు, అంగడిలో చిల్లరగా లెక్కించేవాడు. వీసం అన్న మాట వినగానే సోలెడు గింజలు వాని కళ్ళముందు నిలిచేవి. మనం నేడు రంగు అట్టలతో కల్పించే అనుభవం వానికి వంటింటి గట్టుమీద ఊరకే దొరికేది.

అంతమాత్రాన వీధిబడిని ఆకాశానికెత్తవలసిన పని లేదు. పిల్లలు పద్యాలు అర్థం తెలియకుండా వల్లిస్తున్నారని అదే కాంబెల్ ఆక్షేపించినాడు. ఆ మాట కాదనలేము. మరొక సంగతి ఇంకా బాధాకరం. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవైమంది మాత్రమే. అయితే ఇంట ధాన్యం కొలిచిన చేతులు ఎవరివి? బడి గడప తొక్కని తల్లులే సోలలో అరసోల, తవ్వలో సోల తీసి పదిమందికి అన్నం చాలించినారు. గణితం వచ్చినదని వారిని ఎవ్వరూ అనలేదు, వారూ అనుకోలేదు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు అయినవి. మరుసటి సంవత్సరం నుండి మెట్రిక్ తూనికలు, కొలతలు అంచెలంచెలుగా వచ్చినవి. లెక్కలు సులభమైనమాట నిజం. కాని మార్పు జరిగిన రోజులలో ఒక తమాషా నడిచింది. అణాకు ఆరు పైసలు, రెండు అణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవై ఐదు! కొత్త పైసలలో అణా ఆరుంబావు కాబట్టి దగ్గరి అంకెకు సర్దక తప్పలేదు. నాలుగేసి మెట్ల లెక్కకూ, పదేసి మెట్ల లెక్కకూ పొత్తు కుదరకపోవడం సామాన్యుడు సంతలో చూచినాడు. పావలా అన్న పేరు ఇరవై ఐదు పైసల నాణేనికి అంటుకొని కొంతకాలం నిలిచింది. 2011 జూన్ 30తో ఆ నాణెం చెలామణీ కూడా ముగిసింది. పదహారణాల తెలుగుపిల్ల అన్న పలుకుబడి మిగిలింది. పదహారే ఎందుకని పిల్లలు అడిగితే చూపడానికి చేతిలో అణా లేదు.

పాత్రలు పోయినప్పుడు వాటి చోట బడి మరొకటి పెట్టవలసి ఉండెను. 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మాంటిస్సోరి పద్ధతిలో, ఒకటి మొదలు పది వరకు సమభాగాలు చేసిన వృత్తాలు ఉన్నవి. పిల్లలు ముక్కలు తీసి, తిరిగి అమర్చుతారు. అటువంటి సామగ్రి కొన్ని బడులకే అందింది. తక్కినచోట్ల మిగిలింది నల్లబల్లమీద ఒక అడ్డగీత, పైన ఒక అంకె, కింద ఒక అంకె.

మా అమ్మ అటకమీది పెట్టెలోనుండి ఇత్తడి మానిక, సోల దించింది. చింతపండుతో తోమేసరికి రెండూ మెరిసినవి. మా అమ్మాయి సోలతో బియ్యం పోస్తూ లెక్కపెట్టింది. నాలుగో సోలకు మానిక నిండింది. "అయితే మూడు తవ్వలంటే మానికన్నరే గదా!" అని తనకు తానే అనుకొని, వెళ్ళి ఆ అట్టముక్కను తీసి తక్కువ కుప్పలో వేసింది. ఆ వెంటనే గిద్దె కావాలన్నది. మా ఇంట గిద్దె లేదు. ఎప్పుడో పాతసామానులవానికి వేసినట్లున్నాము. చివరకు వంటింట్లో ఉన్న చిన్న గిన్నెలన్నీ బయటికి తెచ్చుకొని, ఏది నాలుగుమార్లు పోస్తే సోల నిండుతుందో చూస్తూ కూర్చున్నది.