తెలుగులో తప్పనిసరిని చెప్పే మాటలు: రూపం, ప్రయోగం, బాధ్యత

చేసి తీరవలసిన పనిని చెప్పడానికి తెలుగువారు ‘చేయాలి’, ‘చేయక తప్పదు’, ‘చేసి తీరాలి’ వంటి క్రియారూపాలనూ, తప్పనిసరి, విధి, నిర్బంధం వంటి నామాలనూ వాడుతారు. వీటిని పర్యాయపదాలుగా చూడడం పరిపాటి. ప్రయోగాన్ని గమనిస్తే ఒక్కో రూపం ఒక్కో సమాచారాన్ని మోస్తుంది. పని జరిగిందో లేదో ఒకటి చెబుతుంది, మరో దారి లేదని ఇంకొకటి చెబుతుంది. ఆ పనికి ఎవరు కట్టుబడాలో మాత్రం వీటిలో ఏదీ తనంతట తాను చెప్పదు. చట్టం, పరిపాలన రాతల్లో ఈ లోటు పౌరుల మీద భారమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

1. ‘ఆలి’ రూపం

గ్రాంథికంలోని ‘చేయవలెను’ వాడుకలో ‘చేయాలి’ అయింది. తెలంగాణలో వినిపించే ‘చెయ్యాలె’ పాత రూపానికి మరింత దగ్గర. వెళ్తాను, వెళ్తావు, వెళ్తారు అన్నప్పుడు క్రియే కర్తను పట్టిస్తుంది. నేనైనా, నువ్వైనా, వాళ్ళైనా ‘వెళ్ళాలి’ మారదు. కర్తను వదిలేసి ‘చెత్తను వేరుచేయాలి’ అని రాస్తే ఇంటివారా, పారిశుద్ధ్య కార్మికులా అన్నది తేలదు.

వ్యతిరేకార్థంలో ఈ రూపం రెండుగా చీలుతుంది. ‘వెళ్ళకూడదు’ నిషేధం, ‘వెళ్ళనక్కరలేదు’ మినహాయింపు. మొదటిది దారి మూస్తుంది, రెండోది ఇష్టానికి వదిలేస్తుంది. నియమావళి రాసేవారు ఈ రెంటినీ కలగాపులగం చేస్తే అర్థమే తలకిందులవుతుంది.

2. జరిగినదీ, జరగనిదీ

‘ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చింది’ అంటే పరిస్థితి నెట్టింది, వెళ్ళడమూ జరిగింది. ‘నిన్ననే వెళ్ళాల్సింది’ అంటే వెళ్ళలేదు. అందులో పశ్చాత్తాపమో నిందో ఉంటుంది. ‘వెళ్ళాల్సి ఉంది’ అంటే పని ఇంకా మిగిలే ఉంది. ఒకే ధాతువు మీద నిలిచిన ఈ మూడు రూపాల తేడా వాంగ్మూలాల్లో, విచారణ నివేదికల్లో కీలకం.

‘హాజరు కావలసిందిగా’ అన్న రూపానిది మరో తీరు. దాని వెంట ‘మనవి’ వస్తే ఆహ్వానం, ‘ఆదేశించడమైనది’ వస్తే ఆజ్ఞ. బలమంతా చివరి మాటదే.

3. తప్పడం, తప్పకపోవడం

‘తప్పు’ ధాతువుకు దారి తొలగడం, జరగకుండా పోవడం అనే అర్థాలున్నాయి. ‘అప్పు తీర్చక తప్పదు’ అనడంలో తప్పించుకునే మార్గం లేదన్న ఒప్పుకోలు ఉంది. ‘తప్పకుండా వస్తాను’ అనేది బలవంతం కాదు, మాట ఇవ్వడం. ‘హెల్మెట్ తప్పనిసరి’ అన్నది నియమం. ‘తప్పనిసరై పంటను తక్కువ ధరకు అమ్ముకున్నాడు’ అంటే నిస్సహాయత. ఆజ్ఞ ఇచ్చేవారి అధికారానికీ, దిక్కులేనివారి బాధకూ తెలుగులో దాదాపు ఒకే మాట పనిచేస్తోంది.

‘విధి’లోనూ ఇలాంటి విస్తృతి ఉంది. తలరాతా విధే, కర్తవ్యమూ విధే. 1976 నాటి 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణను ‘ప్రాథమిక విధులు’ అంటున్నాం; వాటిని పాటించకపోతే శిక్ష ఏమిటో ఆ అధికరణ చెప్పదు. ‘విధిగా చెల్లించాలి’ అని నోటీసులో చదివినవారికి మాత్రం జరిమానా గుర్తొస్తుంది.

4. ఎవరికి నిర్బంధం?

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ‘ఉచిత నిర్బంధ విద్య’ను హామీ ఇచ్చింది. అది 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ‘నిర్బంధం’ అనగానే మనకు గృహనిర్బంధం, పోలీసు నిర్బంధం స్ఫురిస్తాయి. బిడ్డనే కట్టిపడేస్తున్నట్టు ధ్వనిస్తుంది. 8వ సెక్షన్ వివరణ చదివితే విషయం వేరు. ఉచితంగా ప్రాథమిక విద్య అందించడం, పిల్లల ప్రవేశం, హాజరు, చదువు పూర్తి అయ్యేలా చూడడం ప్రభుత్వ బాధ్యత అని అది చెబుతుంది. బిడ్డను బడిలో చేర్చే కర్తవ్యాన్ని 10వ సెక్షన్ తల్లిదండ్రులపై ఉంచింది. అంటే ఈ చట్టం కింద కట్టుబడేది ముందుగా ప్రభుత్వం, ఆపైన పెద్దలు; బిడ్డది హక్కు. పేరులోని విశేషణం ఆ క్రమాన్ని చెప్పడం లేదు.

ముగింపు

మన భాషలో బాధ్యతను చెప్పే రూపాలకు కొదవ లేదు. కర్తను దాచే సౌలభ్యమూ వాటిలోనే ఉంది. కాబట్టి ఉత్తర్వులు, చట్టాల అనువాదాలు, పాఠ్యపుస్తకాలు రాసేవారు ‘తప్పనిసరి’ అని ఆగిపోకుండా, ఆ పని ఎవరు చేయాలో, చేయకపోతే ఏమవుతుందో అదే వాక్యంలో రాయాలి. అప్పుడే పౌరుడు తన విధినీ, తనకు ప్రభుత్వం పడ్డ బాకీనీ వేరుచేసి చూడగలడు.